సూదికీ ముద్దకీ నడుమ

"లింగం వచ్చేదాకా ముట్టను," అంది నీలాంబిక.

ముందున్న పళ్లెంలో జొన్నరొట్టె చల్లారి అంచులు పైకి లేచాయి. పార్వతమ్మ దాన్ని తీసేసి వేడిది ఇంకొకటి వేసింది. పొద్దున్నుంచి అలా వేసిన రొట్టెలన్నీ మళ్లీ గంపలోకే వెళ్లాయి.

"జర ఒక్క ముక్క బిడ్డా. పాలల్ల ముంచి ఇస్త."

"నీళ్లు గూడ ముట్టను."

పార్వతమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. పొద్దున ఆ చేతులతోనే కూతురి తొడకు ఇన్సులిన్ సూది వేసింది. నీలాంబికకు చక్కెర జబ్బు బయటపడ్డప్పటి నుంచీ ఆ ఇంట్లో వరుస ఒక్కటే. సూది, స్నానం, లింగపూజ, తిండి. సూదికీ ముద్దకీ నడుమ అరగంట. పెళ్లిళ్లలో, చావుల్లో కూడా పార్వతమ్మ దాన్ని దాటనివ్వలేదు. ఈ రోజు దాటిపోయింది.

నీలాంబిక స్నానం చేసి వచ్చేసరికి దేవుడి గూట్లో ఆమె లింగకాయ లేదు. పుట్టిన కొన్నాళ్లకే గురువు జంగమయ్య కట్టిన ఇష్టలింగం ఆ వెండికాయలో ఉంటుంది. మెడలో వేసుకునే దారం చీకిపోయింది, కొత్తది కడతానని నాయనమ్మ గిరిజమ్మ పొద్దున్నే అడిగి తీసుకుంది. ఇప్పుడు ఎక్కడుందంటే పలకడం లేదు.

లింగం కట్టుకున్నవాళ్ల ఇల్లు అది. మెడలో లింగం లేని గడియలో గుక్కెడు మంచినీళ్లు కూడా మింగరు.

గిరిజమ్మ నడవలో గోడకు ఆనుకుని కూర్చుంది. చూపు వాకిట్లో ఆరబోసిన అల్లం మీద ఉంది. ఆమె పెద్దకొడుకు శరణప్పది జహీరాబాద్ గంజి బజారులో అల్లం దుకాణం.

"అమ్మా, ఎక్కడ పెట్టినవో చెప్పు," అన్నాడు శరణప్ప. గొంతులో కోపం లేదు. కోపం పొద్దున్నే అయిపోయింది.

గిరిజమ్మ కాళ్లు చాపుకుంది.

"కోహీర్ రైతులు వచ్చి దుకాణం ముంగట కూసున్నరు. ఇంట్ల నువ్వు గిట్ల కూసున్నవ్. నేనెటు పోవాలె?"

"దుకాణానికి పో. నిన్నెవరు ఆపిన్రు?"

నోరు విప్పడమంటూ విప్పింది. పార్వతమ్మ తలెత్తింది.

"అత్తమ్మా, దానికి సూది పడ్డది. సూది పడ్డంక తినకపోతే ఏమైతదో నీకు తెల్వదా?"

గిరిజమ్మ మెడ తిప్పి కోడలిని చూసింది. "పడ్డదా? ఇయ్యాల ఐతారం గదా. కాలేజీ లేదు గదా. ఆలిశంగ గదా వేసేది."

"నిన్నటి మాటలు విన్నంక నాకు నిద్రెక్కడిది? జల్ది లేచిన. జల్ది వేసిన."

ముసలామె చూపు మళ్లీ అల్లం మీదికి పోయింది. సూది వేసే వేళకు ఆమె ఎప్పుడూ పెరట్లోకి వెళ్లిపోతుంది. పడిందో లేదో చూడదు.

"లింగం కనవడకుంటే సూదే వద్దంటదనుకున్న," అంది చివరికి.

నిన్నటి మాటలు విరూపాక్షవి. శరణప్ప తమ్ముడు. బొంబాయిలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాడు. అక్కడి పెద్ద డాక్టరు ఒకాయన చక్కెర జబ్బుకు కొత్త చికిత్స ప్రయత్నిస్తున్నాడు. దానికి నీలాంబికను తీసుకుపోతానని వచ్చాడు. వదిన భయపడుతుంటే ధైర్యం చెప్పబోయి, నోరు జారాడు.

"కొత్తగ వింత ఏం లేదు వదినా. ఇప్పుడు వేస్తున్న మందు యాడికెళ్లి వస్తుందనుకున్నవ్? ఆవు క్లోమం, పంది క్లోమం పిండి తీస్తరు. బొంబాయిల మనిషిదే వాడుతరు, గంతే."

తలుపు వెనక తల్లి నిలబడి ఉందని అతనికి తెలియదు.

ఇప్పుడు విరూపాక్ష తన అన్న కూతురి పక్కన గొంతుక్కూర్చుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నాడి పరుగెడుతోంది. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. పైపెదవి మీద చెమట పోసింది.

"నీలా, నా దిక్కు చూడు."

"ఎందుకు చూడాలె? నువ్వేమన్న దేవునివా? చెయ్యి ఇడువు కాకా."

"అన్నా, దీని మాట వినకు," అన్నాడు విరూపాక్ష. "ఈ మొండితనం దీనిది కాదు. రక్తంల చక్కెర పడిపోతే మనిషి గిట్లనే కొట్లాటకు వస్తది."

"నాదే. నా మొండితనం నాదే." నీలాంబిక నాలుక కొంచెం మందంగా తిరుగుతోంది. "అవ్వ నన్ను నిన్న ఏమన్నది? భవి అన్నది. లింగం లేనోళ్లను అనే మాట నన్నన్నది. గొడ్డు రసం ఒంట్ల పోసుకునేదానికి లింగమెందుకన్నది. నేను భవినో కాదో చూడనియ్యి. మంచిగ చూడనియ్యి."

గిరిజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా," అన్నాడు శరణప్ప.

"ఇంట్ల లేదు."

"మరి?"

"జంగమయ్య, మహాదేవయ్య స్వామి చేతుల పెట్టిన. సూది మానేదాక మీ దగ్గరనే పూజల ఉంచుండ్రి అన్న. చిరాగ్‌పల్లి బస్సెక్కిండు."

వాకిట్లో కోడి ఒకటి అల్లం కుప్పను గీకుతోంది. శరణప్ప దాన్ని అదిలించలేదు. మేకుకున్న తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. స్కూటరు రెండు తన్నులకు లేవలేదు. మూడో తన్నుకు లేచింది.

పార్వతమ్మ గ్లాసులో బెల్లం కరిగించి తెచ్చింది. కూతురి తల వెనక చెయ్యి వేసి గ్లాసు పెదవులకు ఆనించింది. నీలాంబిక పళ్లు బిగించింది. విరూపాక్ష దవడ పట్టుకున్నాడు. లోపలికి పోయిన కొద్ది చుక్కలనూ ఉమ్మేసింది. అవి తల్లి ముఖం మీద పడ్డాయి.

పార్వతమ్మ ముఖం తుడుచుకుని మళ్లీ గ్లాసు ఎత్తింది.

"దవాఖానకు పోదాం," అన్నాడు విరూపాక్ష. "నరంల గ్లూకోజు ఎక్కిస్తే నిమిషంల లేస్తది. వదినా, నువ్వు కాళ్లు పట్టు."

నీలాంబిక నడవ స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుంది. "లింగం లేకుండ గడప దాటను." లాగితే తల స్తంభానికి కొట్టుకోవడం మొదలుపెట్టింది. విరూపాక్ష వదిలేశాడు. చేతి మీద ఆమె గోళ్ల గీతలు ఎర్రగా తేలాయి.

"నువ్వేదన్న సూది ఇయ్యరాదా?" అంది పార్వతమ్మ. "బొంబాయిల గిదే పని గద నీది."

"నేను డాక్టర్‌ను కాదు వదినా. సీసాలల్ల కణాలు పెంచేటోన్ని."

"అవ్, గంత దూరం పోయి గొడ్డు పేగులు కడుగుతుండు," అంది గిరిజమ్మ గోడ దగ్గరినుంచి. ఎత్తిపొడుపే. కానీ గొంతులో పదును లేదు.

నీలాంబిక చేతులు స్తంభం మీంచి వాటంతట అవే జారాయి. నేల మీద కూర్చుండిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎదురుగా ఉన్న తల్లిని చూస్తూ, "అమ్మ ఏది?" అని అడిగింది. తర్వాత, "బస్సు పోయిందా?" అంది. ఆ మాట ఎవరితో అందో తెలియలేదు.

పార్వతమ్మ గ్లాసుతో ఆమె పక్కన కూర్చుంది.

గిరిజమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాళ్లు సహకరించక ఒకసారి మళ్లీ కూలబడి, మళ్లీ లేచింది. మనవరాలి ముందుకు వచ్చి కూర్చుని, రవిక లోపలి నుంచి తన లింగకాయ బయటికి తీసింది. సొట్టలు పడిన పాత వెండికాయ. నూనెకూ చెమటకూ దారం నల్లబడింది. ఆమెకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అది మెడ దిగలేదు. కాన్పుల్లో దిగలేదు. మొగుడిని సమాధి చేసిన రోజున దిగలేదు.

దారాన్ని తల మీదుగా తీసింది. నీలాంబిక మెడలో వేసింది.

"అత్తమ్మా." పార్వతమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒకరిది ఒకరికి వెయ్యొద్దు గద."

"నాకు తెల్వదా పారవ్వా? నాకు చెప్తున్నవా?"

మనవరాలి చెయ్యి పట్టుకుని వెండికాయ మీద పెట్టింది. వేళ్లు దాన్ని గుర్తుపట్టినట్టు ముడుచుకున్నాయి. ఎవరిదో తెలుసుకునే తెలివి అప్పుడు నీలాంబికకు లేదు.

"ఇగో బిడ్డా, లింగం. మెడల పడ్డది. ఇగ తాగు."

గ్లాసు పళ్లకు టకటక కొట్టుకుంది. ఒక గుక్క దిగింది. తర్వాత ఇంకొకటి. పార్వతమ్మ రెండో గ్లాసు కలపడానికి లేచింది. లేచి, తలుపు దగ్గరే ఆగి, తలుపుచెక్కకు నుదురు ఆనించి కాసేపు నిలబడింది.

* * *

మధ్యాహ్నానికి నీలాంబిక తేరుకుంది. తల పగిలిపోతోంది. ఒళ్లంతా కొట్టినట్టు ఉంది. రొట్టె తిన్నట్టు గుర్తుంది, ఎట్లా తిన్నదో గుర్తులేదు. మెడలో బరువు తేడాగా అనిపించి తడిమి చూసుకుంది.

నాయనమ్మ పక్కనే వట్టి నేల మీద పడుకుని ఉంది.

"అవ్వా, ఇది నీది."

"అవ్."

"నువ్వు తిన్నవా?"

"ఎట్ల తింట?"

నీలాంబిక లేచి కూర్చుని దారం మీద చెయ్యి వేసింది. గిరిజమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు. తీస్తే మల్ల మొదలుపెడ్తవ్. పొద్దుగూకంగ ఇంకో సూదున్నది. నాకేం గాదు. ఉపాసాలు నాకు కొత్తనా?"

"నిన్న భవి అంటివి."

"అంటి." ముసలామె కళ్లు మూసుకుంది. "మీ ముత్తాత బతికుంటే ఇయ్యాల నన్నే భవి అనేటోడు."

విరూపాక్ష గడప మీద కూర్చుని వింటున్నాడు. గోళ్ల గీతల మీద పసుపు రాసుకున్నాడు. నీలాంబిక అతని వైపు తిరిగింది.

"కాకా, ఇప్పుడు చెప్పు. నాకు తెలివున్నప్పుడు చెప్పు. ఏం పెడ్తరు నాకు?"

అతను వాకిట్లోకి చూశాడు. అల్లం ఎండకు ముడతలు పడుతోంది. "మీ నాయన అల్లం విత్తనం నాటుతడు గద. ముక్కకు కన్ను ఉంటే మొలుస్తది. కడుపులనే పోయిన పిల్లల క్లోమంల గసుంటి కణాలుంటయ్. చాన లేతవి. కొన్ని ఇంక ఏ పని చెయ్యాల్నో తేల్చుకోలేదు. అవి తీసి నీ పెయ్యిల నాటుతరు. బతికి పెరిగితే ఇన్సులిన్ అవే చేస్తయ్."

"బతుకుతయా?"

"బతికించాలని చూస్తున్నం."

"నా పెయ్యి ఊకుంటదా? వేరేటోళ్లయి గద."

"ఊకోదు. తరిమేస్తది. తరమకుంట గోలీలు ఇస్తరు."

"ఆ గోలీలు ఏం చేస్తయ్?"

విరూపాక్ష చేతి మీది పసుపు తుడుచుకున్నాడు. "జరం, దగ్గు ఏదొచ్చినా తొందరగ తగ్గదు. మూత్రపిండాలకు మంచియి కాదు. చూసుకుంట ఇస్తరు."

"ఇప్పటిదాక ఎవరికన్న సూది పూరాగ బందయిందా?"

అతను గడప మీది రంగు ఊడిన చోట గోటితో గీశాడు.

"కొందరికి మోతాదు తగ్గింది. కొన్ని నెలలు."

"బందయిందా అంటున్న."

"లేదు."

నీలాంబిక తల ఊపింది. కోపం రాలేదు. కోపానికి కావలసిన బలం పొద్దున్నే ఖర్చయింది. "నేను రాకపోతే నీ పనికి ఏమన్న అయితదా?"

"ఆయనకు మనుషులు దొరుకుతలేరు. నీ పేరు చెప్పిన. నువ్వు రాకపోతే..." ఆగాడు. "అయితది కావచ్చు."

"గది ముందుగాల చెప్పకపోతివి."

"చెప్తే నువ్వు నా కోసం వస్తవని భయమైంది."

గిరిజమ్మ పడుకున్న చోటి నుంచే అడిగింది. "ఆ పిల్లలు ఎవరి పిల్లలు?"

"ఎవరో అమ్మా. తల్లులను అడిగే తీసుకుంటరు."

"అడుగుతరా?"

"అడుగుతరు. వద్దంటే ముట్టరు."

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. నిద్రపోయిందనుకున్నారు.

"నాకు రెండు పోయినయ్," అంది తర్వాత. "శరణప్పకు ముందు ఒకటి, నీకు ముందు ఒకటి. గుడ్డల చుట్టి చెలకల పాతిపెట్టి వచ్చిన్రు. నన్నెవరు ఏమడగలే. ముఖం గూడ చూపలే."

"అడిగితే ఇస్తుంటివా అవ్వా?" అంది నీలాంబిక.

గిరిజమ్మ అటు తిరిగి పడుకుంది.

పార్వతమ్మ వంటింట్లోంచి నీళ్లచెంబుతో వచ్చి, అత్త ముందు పెట్టబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నం అలా చెంబు తెచ్చి తీసుకుపోవడం ఆమెకు అలవాటైపోయింది.

"నేను పోత," అంది నీలాంబిక.

పార్వతమ్మ ఆగిపోయింది. "గంత విన్నంకనా?"

"గంత విన్నంకనే. బాగైతనని కాదమ్మా. పొద్దుగాల లేస్తే మీరందరు నా నోటి దిక్కే చూస్తరు. ముద్ద మింగిందా, చెమట పట్టిందా. నాకు యాష్టకొచ్చింది. మీకు రాలేదా?"

పార్వతమ్మ రాలేదనలేదు.

"వాళ్లు నాటింది మొలవకపోతే వాపస్ వస్త. మొలిస్తే ఇంకొకరికి దారి దొరుకుతది. పోనియ్యిండ్రి."

అందరూ నడవలో పడుకున్న ముసలామె వీపు వైపే చూశారు. ఆ ఇంట్లో కాదనే మాట ఎప్పుడూ అక్కడి నుంచే వస్తుంది.

"పోనియ్యిండ్రి," అంది గిరిజమ్మ, ఇటు తిరక్కుండానే. "నేను ఆపను. ఆపి చూసిన గద పొద్దుగాల."

* * *

దీపాలు పెట్టే వేళకు శరణప్ప వచ్చాడు. తల మీద, కనుబొమల మీద దుమ్ము. జంగమయ్య చిరాగ్‌పల్లిలో దిగలేదు. అదే రోడ్డున ఇంకా ముందుకు, కర్ణాటకలోకి, హుమ్నాబాద్ దాకా పోయాడు. శరణప్ప కూడా పోయాడు.

స్తంభానికి ఆనుకుని కూర్చుని, అంగీ లోపలి జేబులోంచి గుడ్డమూట తీశాడు. అందులో నీలాంబిక లింగకాయ ఉంది. కొత్త దారం కూడా కట్టి ఉంది.

పార్వతమ్మకు ఒక్కసారిగా ఊపిరి ఆడింది. వంటింట్లోకి పరుగెత్తి సూది గిన్నె పొయ్యి మీద పెట్టింది. అన్నం గిన్నె దించింది. అత్తకు పళ్లెం, కూతురికి పళ్లెం పక్కపక్కనే పెట్టింది.

"నీలా, అవ్వది అవ్వకు ఇచ్చెయ్," అన్నాడు శరణప్ప. "ముందుగాల అమ్మ తినాలె. ముఖం జూడు ఎట్లయిందో."

నీలాంబిక నాయనమ్మ లింగకాయ తీసి, కళ్లకద్దుకుని, ఆమె అరచేతిలో పెట్టింది. గిరిజమ్మ దాన్ని గుండెకు అదుముకుంది. నీలాంబిక తండ్రి వైపు చెయ్యి చాపింది.

శరణప్ప ఇవ్వలేదు.

"ఒక్క మాటున్నది. స్వామి ఊకనే ఇయ్యలే. పాదాల మీద చెయ్యి వెయ్యమన్నడు."

"వేస్తివా?" అన్నాడు విరూపాక్ష.

"మరేం చెయ్యాలె? ఇంట్ల ఎవరున్నరో, ఎవరు పోయిన్రో తెల్వకపాయె. అడిగింది అడిగినట్టు ఒప్పుకున్న."

"ఏమని ఒప్పుకున్నవ్ అన్నా?"

"సూది ఉండనీ అన్నడు. పానం నిలవడాలె గద అన్నడు. గని ఇంకొకరి మాంసం లింగమున్న పెయ్యిల నాటుడు లేదు. బొంబాయి మాట ఈ ఇంట్ల రావొద్దు." శరణప్ప కూతురి కళ్లలోకి చూడలేదు. "ఇది మెడల వేసుకున్నదంటే ఆ ఒట్టు దాని మీద గూడ ఉన్నట్టే అన్నడు."

నీలాంబిక చాపిన చెయ్యి అక్కడే ఉంది. కాసేపటికి దాన్ని వెనక్కి తీసుకుంది.

"నాయన, నేను పోతనన్న. అవ్వ గూడ సరే అన్నది."

శరణప్ప తల్లి వైపు చూశాడు. ఆమె కాదనలేదు. అతను పొద్దంతా రోడ్డు మీద గడిపి తెచ్చిన వస్తువును చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నా ఒట్టు ఏం గావాలె?" అన్నాడు.

పార్వతమ్మ వంటింట్లోంచి సూదితో వచ్చింది. మందు నింపే ఉంది. కూతురి బోసి మెడ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వెయ్యాల్నా, ఆపాల్నా? ఎవరన్న చెప్పుండ్రి."

ఆపితే చక్కెర పెరుగుతుంది. వేస్తే తినాలి. ఆ ఇంట్లో ఇది తెలియని వాళ్లు ఇప్పుడు లేరు.

"లింగం వేసుకున్నంక వేస్త," అంది తనే మళ్లీ. "ముందుగాల వెయ్యను. నాతోని గాదు ఇంక."

నీలాంబిక లేచి తల్లి దగ్గరికి వెళ్లింది. ఆమె వేళ్ల మధ్య నుంచి సూది మెల్లగా తీసుకుంది. ఇన్నేళ్లలో ఏనాడూ తన చేత్తో తాను వేసుకోలేదు. అయినా ఎట్లా వెయ్యాలో చూస్తూనే ఉంది.

"నీలా, ఆగు," అన్నాడు విరూపాక్ష.

ఆమె ఆగలేదు. పావడా పక్కకు జరిపి, తొడ మీది కండ పట్టి, సూది దించింది. చివరి చుక్క దాకా నొక్కి తీసింది. రక్తం పూసిన చోట వేలితో అదుముకుని, పళ్లెం ముందుకు వచ్చి కూర్చుంది. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. చెయ్యి ఒళ్లోనే ఉంచుకుంది.

"నాయన, ఇస్తవా?" అంది. "ఒట్టు లేకుండ ఇస్తవా?"

శరణప్ప గుప్పిట మూసే ఉంది.